లారీ ఇంజిన్ ట్యూనింగ్ చేయించేవారికి హెచ్చరిక: డ్యాష్‌బోర్డు మైలేజీని నమ్మి డబ్బు కట్టవద్దు

హైదరాబాద్ ఆటోనగర్ చుట్టుపక్కల ఇంజిన్ ట్యూనింగ్ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చడం) పేరుతో తిరుగుతున్నవారి దగ్గర లారీ యజమానులు జాగ్రత్తగా ఉండండి. ల్యాప్‌టాప్ పట్టుకుని బండి దగ్గరకే వస్తారు. మైలేజీ 15 శాతం పెరుగుతుందని, 40 హార్స్‌పవర్ అదనంగా వస్తుందని చెబుతారు. టీ తాగి వచ్చేలోపు పని అయిపోయిందంటారు. మా పది టైర్ల బండి ఒకదానికి చేయించాం. డ్యాష్‌బోర్డులో మైలేజీ పెరిగింది, బంకు బిల్లులో తగ్గింది. ఒకే బండిలో ఈ రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో తెలిస్తే మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

దుకాణం పేరు కావాలనే రాయడం లేదు. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లంతా నిజాయితీపరులని అనుకునే ప్రమాదం ఉంది. నేను మాట్లాడిన వాళ్లందరి నోటా అవే మాటలు, అవే ఫొటోలు.

మాకు ఒకే మోడల్, ఒకే ఏడాది కొన్న బండ్లు రెండు ఉన్నాయి. రెండూ హైదరాబాద్–విజయవాడ మధ్యే తిరుగుతాయి. వెళ్లేటప్పుడు ఇనుము, వచ్చేటప్పుడు బియ్యమో ఎరువులో. రెంటికీ లోడు మీద లీటరుకు నాలుగు కిలోమీటర్ల దగ్గర మైలేజీ వస్తుండేది. అందుకే ముందు ఒకదానికే చేయించి, రెండోదాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టి చూడాలనుకున్నాం. ఆ మాట చెప్పగానే దుకాణదారు ముఖం కాస్త మాడింది. రెండూ కలిపి చేయిస్తే తగ్గిస్తానని బతిమాలాడు. ఒకదానికి 45 వేలు తీసుకున్నాడు.

పని అయిన తర్వాత డ్యాష్‌బోర్డు సగటు మైలేజీ 4.4 చూపించింది. మరి 15 శాతం ఎక్కడ అని అడిగితే, కొత్త మ్యాప్‌కు, అంటే కొత్త సెట్టింగులకు, ఇంజిన్ ఇంకా అలవాటు పడాలని అన్నాడు. ఇంజిన్ అలవాటు పడటానికి కొత్త కోడలు కాదు. ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో, రాసింది తాళం తిప్పిన క్షణం నుంచే పనిచేస్తుంది. ఈ మాట విన్నప్పుడే అనుమానం వచ్చింది.

రెండు బండ్లనూ ఒకే రాత్రి, దాదాపు ఒకే లోడుతో బయలుదేరదీశాం. కాటా చీటీలు దాచాం. టైర్లలో గాలి ఒకేలా పెట్టించాం. హయత్‌నగర్ దగ్గర ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ట్యాంకు మెడ దాకా పోయించి, నురగ దిగాక మళ్లీ నింపించాం. తిరిగి వచ్చాక అక్కడే, అలాగే. ముట్టుకోని బండి డ్యాష్‌బోర్డులో 4.1, బిల్లు ప్రకారం 4.0. ఆ తేడా మామూలే. ట్యూనింగ్ చేసిన బండి డ్యాష్‌బోర్డులో 4.4, బిల్లు ప్రకారం 3.8. డ్రైవర్లను మార్చి మళ్లీ పంపినా లెక్క పెద్దగా మారలేదు. మా పాత డ్రైవరు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "లాగుతోంది సేట్, తాగుతోంది కూడా."

డ్యాష్‌బోర్డు ఎందుకు అబద్ధం చెప్పిందో మా ఎలక్ట్రీషియన్ ఇంజిన్ పక్కన వైర్ల కట్ట విప్పినప్పుడు బయటపడింది. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లన్నింటికీ దాన్ని పంచే కామన్ రైల్ గొట్టం చివర ఉండే ప్రెషర్ సెన్సర్‌కు, దాని వైరుకు మధ్య అగ్గిపెట్టెంత నల్ల పెట్టె ఒకటి. దాని చుట్టూ కొత్త ఇన్సులేషన్ టేపు, ఆ టేపు మీద పాతదిగా కనిపించాలని పూసిన గ్రీజు. ల్యాప్‌టాప్‌తో చేసింది సాఫ్ట్‌వేర్ మార్పు మాత్రమేనని మాకు చెప్పారు. పెట్టె సంగతి బిల్లులో లేదు. ఆ మాటకొస్తే బిల్లులో బండి నంబరు కూడా లేదు, "సాఫ్ట్‌వేర్ సర్వీస్" అన్న రెండు మాటలు తప్ప.

ఈ పెట్టె చేసే పని చిన్నదే. రైల్‌లో డీజిల్ వెయ్యి బార్లకు (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు ఒక బారు) పైన ఒత్తిడితో ఉంటుంది. ఎంత ఒత్తిడి ఉందో సెన్సర్ ఈసీయూకు చెబుతుంది, ఆ ఒత్తిడిని బట్టి నాజిల్ ఎంతసేపు తెరవాలో ఈసీయూ లెక్క వేస్తుంది. పెట్టె మధ్యలో కూర్చుని ఒత్తిడిని తక్కువ చేసి చెబుతుంది. ఈసీయూ నిజమనుకుని పంపును ఇంకా గట్టిగా పనిచేయిస్తుంది. అసలు ఒత్తిడి పెరుగుతుంది, నాజిల్ తెరుచుకున్న అంతసేపట్లోనే ఎక్కువ డీజిల్ పడుతుంది. డ్యాష్‌బోర్డులో మైలేజీ చూపించే అంకె ట్యాంకులోంచి కొలిచింది కాదు, ఈసీయూ తాను పోశాననుకున్న డీజిల్ లెక్క. డ్రైవరు యాక్సిలరేటర్ కొంచెం తక్కువ తొక్కినా బండి అంతే లాగుతుంది కాబట్టి ఈసీయూ పుస్తకంలో ఖర్చు తగ్గినట్టు నమోదవుతుంది. ట్యాంకులో తగ్గేది తగ్గుతూనే ఉంటుంది. అందుకే ఈ దుకాణాలవాళ్లు రుజువు కింద ఎప్పుడూ డ్యాష్‌బోర్డు ఫొటోనే చూపిస్తారు.

ఇంకో మోసం దీనికన్నా తెలివైనది, దానికి పెట్టె కూడా అక్కరలేదు. వాళ్లు చూపించిన ఫొటోల్లోని ఒక యజమానిని వెతికి పట్టుకుని మాట్లాడాను. ఆయన "ముందు" ఫొటో విజయవాడ నుంచి లోడుతో హైదరాబాద్ వస్తున్నప్పటిది. "తర్వాత" ఫొటో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నప్పటిది. ఫాస్టాగ్ మెసేజీల వరుస చూస్తే ఇది తేలిపోయింది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, విజయవాడ 20 మీటర్ల దరిదాపుల్లో ఉంది. దారిలో ఎత్తుపల్లాలు ఎన్ని ఉన్నా మొత్తం మీద అది దిగుడు దారి. 28 టన్నుల బండిని ఆ ఎత్తుకు తీసుకురావడానికి, ఇంజిన్ డీజిల్‌లోని శక్తిలో 40 శాతం వాడుకుంటుందనుకున్నా, తొమ్మిది పది లీటర్లు అదనంగా కాలాలి. సుమారు 270 కిలోమీటర్ల దారికి సాధారణంగా పట్టేది 67 లీటర్లు. ఎక్కేటప్పుడు అదనపు ఖర్చు, దిగేటప్పుడు ఆదా, రెండూ కలిస్తే ఏ ట్యూనింగూ లేకుండానే 20 శాతం తేడా కనిపించవచ్చు. భూమి చేసిన పనికి వీళ్లు బిల్లు వేస్తున్నారు.

వాతావరణం కూడా వాళ్లకు కలిసొస్తుంది. డీజిల్ వేడికి వ్యాకోచిస్తుంది, 15 డిగ్రీల తేడాకు ఒక శాతం పైనే. మే నెల మధ్యాహ్నం పోయించిన లీటరూ డిసెంబరు తెల్లవారుజామున పోయించిన లీటరూ ఒకటి కాదు. లోడు, గాలి, ట్రాఫిక్, డ్రైవరు పాదం, వీటిలో ఏది మారినా మైలేజీ అయిదు శాతం అటూఇటూ అవుతుంది. అందుకే పెద్ద లారీల ఇంధన పరీక్షలకు వాడే, అమెరికా ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ రూపొందించిన జే1321 పద్ధతిలో, మార్పు చేసిన బండితోపాటు ఏ మార్పూ చేయని బండినీ నడిపి, రెంటి నిష్పత్తినే చూస్తారు. ఇంధనాన్ని కూడా మీటరులో చూడరు, ట్యాంకు ఊడదీసి తూకం వేస్తారు. మనకు అంత అవసరం లేదు. రెండో బండి లేనివారు పక్క యజమానితో మాట్లాడుకుని ఆయన బండిని తోడుగా పంపితే చాలు. వెళ్లి రావడం కలిపే లెక్క వేయాలి, ఒకవైపు లెక్క ఎవరు చూపించినా పక్కన పడేయండి.

40 హార్స్‌పవర్ సంగతికొస్తే, మాకు రంగుల గ్రాఫు ఒకటి ముద్రించి ఇచ్చారు. శక్తిని కొలిచే రోలర్ల మీదకు బండి ఎక్కనే లేదు, గ్రాఫు మాత్రం వచ్చేసింది. రోలర్ల మీద కొలిచినా ఒకటి చూసుకోండి. ముందు అంకె చక్రాల దగ్గరది, తర్వాత అంకె ఇంజిన్ దగ్గరది వేస్తే చాలు, గేర్‌బాక్సులో, వెనక ఇరుసులోని క్రౌన్ గేర్లలో పోయే శక్తి మొత్తం ట్యూనింగ్ ఖాతాలో పడుతుంది.

దీన్ని మీరే కొలవవచ్చు. ఒక హార్స్‌పవర్ అంటే 75 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు ఎత్తగల శక్తి. లోడు బండి ఎత్తు ఎక్కడమంటే అచ్చంగా ఇదే పని. వంద మీటర్లకు మూడు మీటర్లు లేచే ఎక్కుడులో 28 టన్నుల బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే, కేవలం బరువును పైకి లేపడానికే 124 హార్స్‌పవర్ పోతోంది. టైర్లకు, గాలికి పోయేది కలిపితే సుమారు 160. చక్రాల దగ్గర నిజంగా ఇంకో 40 చేరితే అదే ఎక్కుడులో బండి 48, 49 దాకా పోవాలి. ఒక ఎక్కుడు ఎంచుకుని, రెండు కిలోమీటరు రాళ్ల మధ్య యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఫోనులో టైమ్ చూసుకోండి. వేగం తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మా బండి కొంచెం చురుకుగా ఎక్కిన మాట నిజం. కానీ వాళ్లు చెప్పినదాంట్లో సగం కూడా లేదు, పైగా ఎక్కినంతసేపూ నల్ల పొగ. టార్పాలిన్ ముందు అంచు మసిబారింది. నల్ల పొగ అంటే కాలకుండా బయటికి పోతున్న మన డీజిలే.

అసలు మామూలు రోడ్డు మీద ఆ శక్తి ఎందుకు? లారీలకు స్పీడు గవర్నర్ 80 దగ్గర ఆపేస్తుంది. సమతలం మీద 60లో పోతున్నప్పుడు గాలిని చీల్చడానికి, టైర్లు దొర్లడానికి ఎంత శక్తి కావాలో అంతే కావాలి, ట్యూనింగ్ దాన్ని తగ్గించలేదు. న్యాయంగా ఒక మాట చెప్పాలి. కాలుష్య నిబంధనల కోసం కంపెనీలు ఇంజెక్షన్ టైమింగ్‌ను కొంత వెనక్కి పెడతాయి. దాన్ని ముందుకు జరిపితే మైలేజీ కాస్త మెరుగవడం సాధ్యమే. అయితే అప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, వాటిని తగ్గించడానికి పొగలో చల్లే యూరియా ద్రవం ఎక్కువ పోయాలి. లేదా యూరియా వ్యవస్థనే మోసగించే ఇంకో పెట్టె పెడతారు. 15 శాతం మాత్రం ఆ దారిలో రాదు.

నష్టం డీజిల్‌తో ఆగదు. డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం ఎంత ఎక్కువ పోస్తే పొగ అంత వేడిగా వస్తుంది. ఆ వేడి ముందు ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బోకు, పిస్టన్ తలకు తగులుతుంది. రైల్ ఒత్తిడి పెరిగితే పంపు, నాజిళ్లు నలుగుతాయి. మా బండికి ముందుగా క్లచ్ ప్లేటు పోయింది. కంపెనీ ఇచ్చిన టార్క్‌కు (తిప్పే బలానికి) సరిపడా చేసిన ప్లేటు అది, పాపం దాని తప్పేమీ లేదు.

పాత సాఫ్ట్‌వేర్ తిరిగి పెట్టమంటే దుకాణంలో దాని కాపీ లేదన్నారు. తీసి దాచుకోకుండానే దాని మీద రాసేశారు. చివరికి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో డబ్బు కట్టి ఈసీయూలో మళ్లీ రాయించాం. స్కానర్ పెట్టగానే బయటివాళ్లు వేలు పెట్టారని అక్కడ తెలిసిపోయింది. వారంటీ ఉన్న బండి అయితే అక్కడితో సరి.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పొగ విషయంలో పట్టుబడితే 190 సెక్షన్ కింద 10,000 దాకా వేరే. ఈ పనికి "ఆర్టీఓ అనుమతి ఉంది" అని ఒకాయన నాతోనే అన్నాడు. కాగితం చూపించమంటే మాట మార్చాడు.

డబ్బు వాపసు అడిగితే సగం ఇస్తామని, రేపు మాపని తిప్పుతున్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అయితే వ్యాపారం కోసం తీసుకున్న సేవలకు 2019 వినియోగదారుల చట్టం వర్తించదు. స్వయం ఉపాధితో బతికేవారికి మాత్రం మినహాయింపు ఉంది. అంటే సొంత బండి తానే నడుపుకునేవారికి జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంది, మాలాంటివారికి వాదన కష్టం. ఏ దారిలో వెళ్లినా బిల్లు మీద బండి నంబరు, చేసిన పని, ఇచ్చిన హామీ లేకపోతే చేతిలో ఏమీ ఉండదు.

ఆ నల్ల పెట్టె, బంకు బిల్లులు, కాటా చీటీలు మా ఆఫీసులో ఉన్నాయి. ఇప్పటికే ట్యూనింగ్ చేయించినవారు ముందు రైల్ సెన్సర్ దగ్గర వైరు విప్పించి చూసుకోండి. కొత్త టేపు కనిపిస్తే ఫొటో తీశాకే ఊడదీయించండి.