తక్కువ కరెంటుతో చల్లగా ఉండే ఇల్లు: అనంతపురం వేసవులు దాటాక నా సమీక్ష

కరెంటు తక్కువ ఖర్చయ్యేలా, ఏసీ అవసరం పడకుండా అనంతపురం శివార్లలో కట్టించుకున్న ఇంట్లో పలు వేసవులు గడిపాక నేను గట్టిగా చెప్పగలిగినది ఒకటే: మన సీమలో ఇంటికి అసలు పరీక్ష పైకప్పు దగ్గరే ఉంది. సోలార్ ప్యానెళ్ల కంటే ముందుగా కప్పు మీద, పడమటి గోడ మీద పెట్టిన డబ్బే మాకు ఎక్కువ సుఖాన్నిచ్చింది.

దీనికి కారణం సూర్యుడి నడకలో ఉంది. అనంతపురం సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తినో, కాస్త ఉత్తరానికి వాలియో ఉంటాడు. అందువల్ల ఆ నెలల్లో దక్షిణపు గోడకు పెద్దగా ఎండ తగలదు. దెబ్బంతా కప్పు మీద, ఉదయం తూర్పు గోడ మీద, సాయంత్రం పడమటి గోడ మీద పడుతుంది. మామూలు కాంక్రీటు శ్లాబు పగలంతా పట్టిన వేడిని సరిగ్గా మనం పడుకునే వేళకు గదిలోకి వదులుతుంది. వాన దిగకుండా పైన చౌడు పరిచిన పాత మిద్దెల్లో ఆ మట్టి మందమే వేడిని కూడా ఆపేది.

మా శ్లాబు అడుగుభాగంలో, కాంక్రీటుకు పెద్దగా పని లేని చోట, మంగళూరు పెంకులను జతలుగా పేర్చి పోయించాం. తక్కువ ఖర్చు ఇళ్ల వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి వల్ల సిమెంటు, ఇసుక కలిసివచ్చాయి. అయితే రాత్రి నిద్రలో తెలిసిన తేడా మాత్రం దీనివల్ల కాదు, పైన అతికించిన తెల్ల టైలు ముక్కల వల్ల వచ్చింది. మే నెల మధ్యాహ్నం కూడా దాని మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయవచ్చు. పక్కింటి బోసి శ్లాబు మీద అది జరిగే పని కాదు. దుమ్ము పేరుకుంటే తెలుపు మాసి ఆ గుణం తగ్గుతుంది కనుక ఏటా శివరాత్రి వెళ్లగానే రుద్ది కడగాలి. అంత ఖర్చు పెట్టలేనివారు చిక్కటి సున్నం రెండు పూతలు వేసినా ఆ ఏడాది వేసవికి మేలు కనబడుతుంది. వానలకు పోతుంది కనుక మళ్లీ వేయించుకోవాలి.

పడమటి వైపు సంగతి ఇంత సులువుగా తేలలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మనవైపు పడమటి, నైరుతి గాలి బలంగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు నిలిపింది ఆ గాలిని నమ్ముకునే. అంటే గాలి వచ్చే దిక్కు, సాయంత్రపు ఎండ పడే దిక్కు దాదాపు ఒకటే. కిటికీలు పూర్తిగా మూసేస్తే ఉక్క, పెద్దవి పెడితే నిప్పు. మేము అటువైపు లోతైన వసారా దింపి, కిటికీలు చిన్నవిగా చెక్క రెక్కలతో పెట్టించి, బయట వేప, కానుగ నాటాం. ఎండను అద్దానికి బయటే ఆపాలి. లోపల ఎంత మందపు తెర కట్టినా, అప్పటికే వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది. చెట్లు ఎదిగాక వసారా విలువ రెట్టింపయింది. దుమ్ము మాత్రం తప్పలేదు. ఆషాఢమంతా రెండు పూటలా ఊడవాల్సిందే.

ఉదయం తొమ్మిదిలోపు కిటికీలు మూసి, చీకటి పడ్డాక అన్నీ తెరిచే అలవాటు ఇంటిల్లిపాదికీ లేకపోతే ఇలాంటి ఇల్లు సగమే పనిచేస్తుంది. మన పొడి వాతావరణంలో రాత్రి గాలి చల్లబడుతుంది కాబట్టే ఈ పద్ధతి ఫలిస్తోంది. 75 వాట్లు లాగే పాత ఫ్యాన్ల బదులు సుమారు 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు లాగే బ్రష్ లేని మోటారు) ఫ్యాన్లు పెట్టాం. రాత్రంతా తిరిగినా బిల్లుకు భయం లేదు. కూలర్ ఏప్రిల్, మే నెలల్లో అద్భుతంగా పనిచేస్తుంది, వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక పనికిరాదు. పైగా అది నీళ్లు తాగే వస్తువు. నీటి కరువున్న మన ఊళ్లో దాన్ని మధ్యాహ్నం కొన్ని గంటలకే పరిమితం చేశాం.

వాన నీటి తొట్టి మీద నాకు చాలా గౌరవం కలిగింది. జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆ లెక్కన వంద చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 55 వేల లీటర్లు పడతాయి. మొదటి జల్లు వదిలేసి, ఆవిరైనది పోను మిగిలేదైనా తక్కువేమీ కాదు.

నేలకు తాడిపత్రి బండలు వేశాం. పాదాలకు చల్లన, దూరాభారం లేదు. అది సున్నపురాయి కనుక వంటగట్టు మీద చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికితే వెంటనే తుడవాలి, లేకుంటే మెరుపు పోయి మచ్చ నిలుస్తుంది.

ఇక సోలార్. మూడు కిలోవాట్ల ప్యానెళ్లు సగటున రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తున్నాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఈ సామర్థ్యానికి 78 వేల రూపాయల రాయితీ ఉంది. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది కాబట్టి మండుటెండలో ఎక్కువ కరెంటు వస్తుందని ఆశించకూడదు. కింద గాలి ఆడేలా స్టాండు ఎత్తుగా కట్టించుకోవడం మేలు. అమ్మేవారు ముందుగా చెప్పని విషయం మరొకటి ఉంది: బ్యాటరీ లేని మామూలు ఏర్పాటులో వీధిలో కరెంటు పోతే, లైన్ మీద పనిచేసేవారి ప్రాణరక్షణ కోసం, పట్టపగలైనా మన సోలార్ కూడా ఆగిపోతుంది. కోతలు ఎక్కువగా ఉండే వీధుల్లోవారు హైబ్రిడ్ ఇన్వర్టరు (వీధి కరెంటుతోనూ, బ్యాటరీతోనూ పనిచేసేది), బ్యాటరీల ఖర్చును మొదటి లెక్కలోనే కలుపుకోవాలి. మేము ఫ్యాన్లకు, లైట్లకు, ఫ్రిజ్‌కు సరిపడా చిన్న బ్యాటరీ పెట్టుకున్నాం; రాత్రి కోతలకు అది చాలుతోంది.