రెయిన్‌డ్రాప్ వాడి చూశాను: లింకులు దాచుకోడానికి, పదిమందికి పంచడానికి

విశాఖపట్నం సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ వాళ్లం ఆరేడు కుటుంబాలం కలిసి నెలకి రెండు ఆదివారాలు ఊరు చూడ్డానికి వెళ్తుంటాం. తొట్లకొండ, బావికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, ఒకసారి అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ కూడా వెళ్లొచ్చాం. వెళ్లే ముందు ఆ చోటు గురించి అందరూ చదువుకోడానికి మంచి లింకులు వెతికి పంపే పని నాది. ఎవరూ అప్పజెప్పలేదు, ఇష్టంకొద్దీ నెత్తినేసుకున్నాను. ఆ పనికి రెయిన్‌డ్రాప్ ఎంతవరకు పనికొచ్చిందో చెబుదామని రాస్తున్నా.

తెలియనివాళ్లకి ఒక్క మాటలో, ఇది బుక్‌మార్కులు దాచే సర్వీసు. ఫోన్‌లో యాప్ ఉంటుంది, కంప్యూటర్‌లో బ్రౌజర్‌కి ఒక బటన్ వస్తుంది. చదివిన పేజీ నచ్చితే నొక్కడమే, వెళ్లి మీ కలెక్షన్‌లో, అంటే మీరు పేరు పెట్టుకున్న లింకుల అరలో, కూర్చుంటుంది. ఫ్రీ ప్లాన్‌లోనే ఎన్ని లింకులైనా, ఎన్ని కలెక్షన్లైనా పెట్టుకోవచ్చు, ఎన్ని ఫోన్లలోనైనా తెరుచుకోవచ్చు. నేను ఇప్పటికీ ఫ్రీ ప్లానే.

ఇది రాకముందు అంతా వాట్సాప్ గ్రూపులోనే నడిచేది. శుక్రవారం రాత్రి నేను నాలుగు లింకులు పెడతాను, శనివారం పొద్దున్నకి వాటి మీద ముప్పై గుడ్ మార్నింగ్‌లు, రెండు పెళ్లి ఫొటోలు, ఒక గ్యాస్ బుకింగ్ మెసేజీ. ఆదివారం వ్యాన్ ఎక్కాక "వదినా, ఆ లింకు మళ్లీ పెట్టవా" అని అడిగేవాళ్లు. పోనీ అది సర్దుకోవచ్చు, అసలు బాధ తెలుగు లింకులతో. తెలుగు వికీపీడియాలో విశాఖపట్నం పేజీ తెరిచి అడ్రస్ కాపీ చేసి ఎక్కడైనా అతికించి చూడండి, వరసగా శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలీదు. లెక్కపెట్టి చూశాను. వ, గుడి, శ, దీర్ఘం, ఖ, ప, ట, పొల్లు, న, సున్నా, ఇవి పది. కంప్యూటర్ ఒక్కోదాన్ని మూడు బైట్లుగా దాస్తుంది, అడ్రస్‌లోకి వచ్చేసరికి ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది, అంటే ఒక్కోదానికి తొమ్మిది, మొత్తం మన ఊరి పేరు ఒక్కటే 90 గుర్తులు! మా పెదనాన్నగారికి డెబ్బై దాటాయి, అలాంటి లింకు చూసి ఫోన్ చేశారు, "ఇదేటమ్మా, నొక్కితే బ్యాంకులో డబ్బులు పోవు కదా?" అని. ఈ మోసాల రోజుల్లో ఆయన భయం సబబే. ఎంత మంచి వ్యాసమైనా, నొక్కడానికే భయపడితే ఎవరికి చేరినట్టు?

ఇక్కడే రెయిన్‌డ్రాప్ నాకు బాగా నచ్చింది. ఒక కలెక్షన్‌ని పబ్లిక్ చేస్తే దానికి సొంతంగా ఒక పేజీ వస్తుంది, ఆ ఒక్క అడ్రస్ పంపితే చాలు. కలెక్షన్ పేరు నేను ఇంగ్లీషు అక్షరాల్లో పెడతాను, అందుకని అడ్రస్ పొట్టిగా, చూడగానే అర్థమయ్యేలా ఉంటుంది. తెరవడానికి అకౌంట్ అక్కర్లేదు, యాప్ దించుకోనక్కర్లేదు. పెదనాన్నగారు మామూలుగా బ్రౌజర్‌లో తెరుస్తారు, బొమ్మలతో సహా లింకులన్నీ వరసగా కనిపిస్తాయి, కావాల్సింది నొక్కి చదువుకుంటారు. నేను తర్వాత ఇంకోటి చేర్చినా మళ్లీ పంపే పని లేదు, అదే పేజీలోకి వచ్చేస్తుంది. కలిసి లింకులు చేర్చేవాళ్లుంటే వాళ్లనీ కలెక్షన్‌లోకి పిలవొచ్చు. మా కింది ఫ్లోర్ అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదువుతోంది, ఎర్రమట్టి దిబ్బల కలెక్షన్‌లో సగం తనే పెట్టింది.

ఇంకో సదుపాయం, లింకు టైటిల్ మనం మార్చుకోవచ్చు, కింద వివరణ రాసుకోవచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా పనికి ప్రాణం ఇదే. తొట్లకొండ గురించి ఇంగ్లీషులో ఒక పెద్ద వ్యాసం ఉందనుకోండి, దాన్ని అలాగే పడేస్తే మా గ్రూపులో ఇద్దరు చదువుతారేమో. అదే టైటిల్ దగ్గర "ముందు ఇది, పది నిమిషాలు పడుతుంది" అని పెట్టి, కింద "1976లో నేవీ వాళ్లు సర్వే చేస్తుంటే ఈ బౌద్ధ క్షేత్రం బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి, నీటి తొట్ల గురించి రాసిన భాగం పిల్లలకి చదివి వినిపించండి" అని రెండు ముక్కలు తెలుగులో రాస్తే అందరూ తెరుస్తారు. ఎవరో చదివి, ఇది ఎందుకు చదవాలో చెప్పిన లింకుకీ, వచ్చింది వచ్చినట్టు తోసేసిన లింకుకీ చాలా తేడా ఉంది. రెండోదాన్ని నేను పంచడం అనను.

వివరణ రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫ్రీ ప్లాన్‌లో సెర్చ్ టైటిల్‌నీ, వివరణనీ, ట్యాగుల్నీ (లింకుకి మనం తగిలించే గుర్తు మాటలు) వెతుకుతుంది, పేజీ లోపలి రాతను వెతకాలంటే డబ్బులు కట్టే ప్లాన్ కావాలి. మన ఊరి మీద ఉన్న మంచి వ్యాసాల్లో సగం ఇంగ్లీషువి. మిగతా వాటిలో కొన్ని ఈ-పేపర్ పేజీలు, అంటే బొమ్మలు, వాటిలో అక్షరాలు వెతికితే దొరకవు. అందుకే నేను ప్రతి లింకుకీ తెలుగులో రెండు ట్యాగులు పెడతాను. దిబ్బల దగ్గర మా మేనకోడలు "అత్తా, ఈ ఇసుక ఎందుకెర్రగా ఉంది?" అని అడిగింది. అక్కడే నిలబడి ఫోన్‌లో ఎర్రమట్టి అని కొట్టగానే మూడు లింకులొచ్చాయి. ఇనుము తుప్పు పడితే వచ్చే ఎరుపే ఇదీ అని, గాలికి పేరుకున్న ఇసుక రేణువుల మీద ఆ పూత పట్టిందని చదివి చెప్పాను. 2025 సెప్టెంబరులో ఈ దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరిన వార్త కూడా ఆ మూడింటిలోనే ఉంది. ఆ పిల్ల గుప్పెడు ఇసుక తీసుకుని ఎండకేసి చూసి, మళ్లీ అక్కడే జాగ్రత్తగా పోసేసింది.

ఇప్పుడు డబ్బులు కట్టే ప్లాన్ సంగతి. నెలకి 3 డాలర్ల దగ్గర ఉంటుంది, మన డబ్బుల్లో రెండొందల యాభై దాటుతుంది. దాంట్లో నాకు కట్టాలనిపించే సదుపాయం ఒక్కటే, మీరు దాచిన పేజీకి ఒక కాపీ తీసి పెడుతుంది, అసలు సైట్ పోయినా మీ దగ్గర ఉంటుంది. ఇది ఎంత అవసరమో హుద్‌హుద్ తుఫాను మీద లింకులు పోగేసినప్పుడు తెలిసింది. 2014 అక్టోబరు 12న ఊరంతా చీకట్లో ఉన్న ఆ రోజుల గురించి అప్పట్లో రాసినవి, తీసిన ఫొటోలు, నేను ఒకచోట దాచుకున్న జాబితా ఈ మధ్య తెరిస్తే వరసగా పేజీ లేదు, పేజీ లేదు. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2024లో లెక్కతీసింది, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకి తెరుచుకోవట్లేదట. నమ్మబుద్ధి కాలేదు గానీ నా జాబితా చూశాక నమ్మాను. డబ్బులు కట్టలేనివాళ్లు ఇంకో పని చేయొచ్చు, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో అడ్రస్ ఇచ్చి పేజీని సేవ్ చేయమంటే ఉచితంగా దాచి పెడుతుంది, ఆ కాపీ లింకుని వివరణలో అతికించుకోండి. నేను ముఖ్యమైన వాటికి ఇదే చేస్తున్నాను. హుద్‌హుద్ లింకుల్లో కూడా కొన్ని అక్కడే దొరికాయి, బీచ్ రోడ్డులో కూలిన చెట్ల ఫొటోలున్న పేజీ దొరికినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

సర్వీసులు కూడా శాశ్వతం కాదు, అది మర్చిపోకూడదు. బ్లాగులు, వార్తలు ఒకచోట చదువుకోనిచ్చిన గూగుల్ రీడర్ 2013 జులైలో పోయింది, ఒకప్పుడు లింకులు దాచుకోడానికి అందరూ వాడిన డెలీషియస్ చేతులు మారి మారి ఆగిపోయింది, అలాంటిదే ఇంకోటి పాకెట్‌ని మొజిల్లా 2025 జులై 8న మూసేసింది. నేను పాకెట్ నుంచే వచ్చాను, అక్కడి ఫైలు తెచ్చి ఇక్కడ ఇంపోర్ట్ చేస్తే లింకులు, ట్యాగులు వచ్చేశాయి. కాబట్టి కొత్తగా ఏ సర్వీసులో చేరుతున్నా, బయటికి తీసుకుపోయే దారి ఉందో లేదో ముందు చూసుకోండి. రెయిన్‌డ్రాప్‌లో ఉంది, మొత్తం ఒక ఫైలుగా దించుకోవచ్చు.

దీన్నుంచి ఆశించకూడనిది ఒకటుంది. ఇది దాచిపెట్టే బీరువా, అంతే. చదవడానికి తెలుగులో మంచివి వెతికి తెచ్చి ఇవ్వదు. ఒకప్పుడు కూడలి, జల్లెడ, హారం, మాలిక తెలుగు బ్లాగుల్ని ఒకచోట చూపించేవి, పొద్దున్నే కాఫీ గ్లాసుతో అవి తెరిస్తే ఎవరు ఏం రాశారో తెలిసేది. ఆ లోటు ఏ యాప్‌తోనూ తీరలేదు. అప్పటి బ్లాగుల్లో ఉత్తరాంధ్ర మీద ఎంత చక్కటి రాతలున్నాయో! వాటిని వెతికి పట్టుకుని ఒక కలెక్షన్ చేస్తున్నాను. రాసినవాళ్ల పేరు ప్రతి లింకు పక్కనా పెడుతున్నాను, ఎందుకంటే అవే వ్యాసాలు వాట్సాప్‌లో పేరు ఊడిపోయి తిరుగుతుంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. మొత్తం రాతని కాపీ చేసి పంపకండి, లింకు ఇవ్వండి, వాళ్ల ఇంటికే వెళ్లి చదువుతారు.

వచ్చే ఆదివారం భీమిలి, డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి. కలెక్షన్‌లో ఇప్పటికి ఏడు లింకులున్నాయి, ఆరు ఇంగ్లీషువి, ఒకటే తెలుగుది. ఆ ఒక్కటీ పెదనాన్నగారు వెతికి పంపింది.