ప్లేట్లిచ్చి పెన్‌డ్రైవ్ తెచ్చుకునేవాళ్లకు హెచ్చరిక

నెల్లూరు, కావలి, ఒంగోలు ఇళ్లలో అటకల మీద గ్రామఫోన్ ప్లేట్లు ఇంకా చాలానే ఉన్నాయి. పద్యనాటకాల 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్లు), 1966 తర్వాత బాలుగారు పాడిన పాటల ఈపీలు, ఎల్‌పీలు (తర్వాత వచ్చిన చిన్న, పెద్ద వినైల్ ప్లేట్లు). వీటిని డిజిటల్ చేసిస్తామంటూ నెల్లూరులో ఒక దుకాణం పాటకింత అని డబ్బు తీసుకుంటోంది. ప్లేటు తిప్పకుండానే నెట్‌లో దొరికిన పాట ఎక్కించి చేతిలో పెడుతోంది. అంతకంటే ఘోరం ఇంకోటి: ప్లేట్లు మాకే వదిలేస్తే పని ఉచితం అంటున్నారు. దయచేసి ఆ మాటకు లొంగకండి.

పెన్‌డ్రైవ్ రాగానే ముందు పాట నిడివి చూడండి. పది అంగుళాల 78 ప్లేటులో ఒక పక్క పట్టేది మూడు నిమిషాల చిల్లర. అందుకే సినిమాలో పొడుగ్గా ఉన్న పాటను ప్లేటు కోసం కుదించేవాళ్లు, లేదంటే రెండు పక్కలకూ విడగొట్టేవాళ్లు. మీ ప్లేటులో ఒక్క పక్కే ఉన్న పాట ఫైల్‌లో నాలుగున్నర నిమిషాలు వచ్చిందంటే అది మీ ప్లేటుది కాదు. ప్లేటు కోసం మళ్లీ విడిగా పాడించిన పాటలూ ఆ రోజుల్లో ఉన్నాయి. అలాంటిది మీ ఇంట్లో ఉంటే, నెట్‌లో దొరికే సినిమా పాట దానికి ఎప్పటికీ బదులు కాదు. ఉచితం అన్న మాటకు మీరు వదులుకునేది దాన్నే.

తర్వాత ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి స్పెక్ట్రోగ్రామ్ చూడండి, అంటే ఏ ఎత్తు దాకా శబ్దం ఉందో చూపే బొమ్మ. పై హద్దు 20 కిలోహెర్ట్జ్ దాకా పెట్టుకోండి. 16 దగ్గర అడ్డంగా గీత గీసినట్టు ఆగిపోయి పైనంతా ఖాళీగా ఉంటే, అది చాలావరకు 128 కేబీపీఎస్ ఎంపీ3 నుంచి, అంటే బాగా కుదించిన ఫైల్ నుంచి వచ్చిందే. ‘78లో అంత పైన సంగీతమే ఉండదు కదా’ అంటారు దుకాణంవాళ్లు. సంగీతం ఉండదు, నిజమే. ముల్లు రాపిడి చప్పుడు మాత్రం అక్కడిదాకా పోతుంది. ‘ఆ చప్పుడు మేమే తీసేశాం’ అంటే తీయకముందు ఫైల్ ఇమ్మనండి. నిజంగా ప్లేటు తిప్పినవాళ్లు దాన్ని దాచుకుంటారు. వేవ్ (కుదించని) ఫైల్ కాబట్టి అసలైనదే అని మాత్రం నమ్మొద్దు. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ నిమిషానికి సుమారు 10 ఎంబీ వస్తుంది. ఎంపీ3ని వేవ్‌గా మార్చినా అంతే వస్తుంది.

ప్లేటు నిజంగా తిప్పేవాళ్లయినా, ఏ ముల్లుతో అని అడగండి. 78 గాడి వెడల్పు, దానికి 75 మైక్రాన్ల ముల్లు కావాలి. ఎల్‌పీకి 18 చాలు. ఎల్‌పీ ముల్లు 78 మీద పెడితే గాడి అడుగున కొట్టుకుంటూ బుసబుసమనే చప్పుడే ఎక్కువ ఎత్తుకొస్తుంది. 78 ముల్లు ఎల్‌పీ మీద పెడితే గాడే పాడవుతుంది, అది ఇక బాగుకాదు. సూట్‌కేసులా మూసే చవక ప్లేయర్లలో సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే భాగం) ఉంటుంది. చాలావాటిలో అది 5, 6 గ్రాముల బరువుతో నొక్కుతుంది. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కు రెండు గ్రాముల అటూఇటూ సరిపోతుంది. దుకాణంలో బల్ల మీద ఆ సూట్‌కేసే కనిపిస్తే మీ ఎల్‌పీలు సంచిలోంచి తీయకండి.

తుడవడంలో జరిగే నష్టం చాలామందికి తెలియదు. 78లు లక్కతో చేసినవి, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్ దూదితో ఒక్కసారి రుద్దితే చాలు, నల్లటి మెరుపు పోయి బూడిదరంగు మచ్చ పడుతుంది, అక్కడినుంచి పాట మసకబారుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేసి, మెత్తటి గుడ్డతో గాడి తిరిగే దిక్కునే తుడవాలి. లేబుల్ తడవకూడదు. నానబెట్టకూడదు. మన సముద్రపు గాలికి తడి ఆరకముందే కవరులో పెడితే బూజు ఖాయం.

ఇచ్చేముందు ప్రతి ప్లేటుకీ లేబుల్ ఫోటో తీసుకోండి. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ ఉన్న ఖాళీలో చెక్కిన నంబరు కూడా ఫోటోలో పడాలి. ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ఉన్న గీతలన్నీ తేలతాయి. ఆ నంబర్లతో, ‘ప్లేట్లు తిరిగి ఇవ్వాలి’ అన్న మాటతో రసీదు రాయించుకోండి. రాయమంటే రాయనివాళ్లకు ఇవ్వొద్దు. మోసుకెళ్లేటప్పుడు నిలువుగా, మధ్యలో అట్టలు పెట్టి సర్దండి. పడుకోబెట్టి పైన బరువు పెడితే 78 అప్పడంలా విరుగుతుంది. ఎండలో ఆపిన కారులో ఉంచితే ఎల్‌పీ వంకర తిరుగుతుంది.

ఇప్పటికే ఇచ్చినవాళ్లు ముందు ప్లేట్లు వెనక్కి తెచ్చుకోండి, డబ్బు సంగతి తర్వాత. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే నెల్లూరు, ఒంగోలు జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. గొడవ మొదలైన రెండేళ్లలోపు అక్కడ కేసు వేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. రసీదు, ఫోటోలు, ఆ పెన్‌డ్రైవ్ ఉన్నదున్నట్టు జతచేయండి, అందులోంచి ఏ ఫైలూ చెరపకండి.