గుత్తేదారు ఇచ్చే విరాళం: బాండా, ట్రస్టా, చెక్కా, అసలు నిషేధమా? ఏది మేలు?

హన్మకొండలో మా వీధి చివర సైడు కాలువ పని మొదలైనప్పుడు ఒక రేకు బోర్డు పాతారు. పని పేరు, అంచనా విలువ, గుత్తేదారు పేరు, గడువు అని నాలుగు వరుసలు. గడువు రాసిన చోట పెయింటు అప్పుడే రాలిపోయింది. పని ఎవరిదో ఆ బోర్డు చెబుతుంది గానీ, ఆ సంస్థ ఏ పార్టీకి, ఎప్పుడు, ఎంత ఇచ్చిందో చెప్పదు. అందుకే కంపెనీలు పార్టీలకు డబ్బిచ్చే మార్గాలను పోల్చేటప్పుడు నేను చూసేది ఒక్కటే: విరాళం తేదీని, టెండరు తేదీని పక్కపక్కన పెట్టి చదువుకునే వీలు మామూలు మనిషికి ఎందులో ఉంది?

2018 జనవరిలో అమలులోకి వచ్చిన ఎన్నికల బాండ్లలో ఆ వీలు బొత్తిగా లేదు. స్టేట్ బ్యాంకులో వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా విలువతో దొరికిన ఆ పత్రాన్ని కొని పార్టీకి ఇచ్చిందెవరో ప్రజలకు తెలిసేది కాదు. పైగా కంపెనీ తన మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితిని 2017లోనే ఎత్తివేశారు కాబట్టి, నష్టాల్లో ఉన్న సంస్థ సైతం ఎంతైనా ఇవ్వగలిగింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఈ బాండ్లనూ, ఆ పరిమితి ఎత్తివేతనూ కొట్టివేసింది. చిత్రమేమిటంటే, దాచడానికి పెట్టిన పద్ధతే, కోర్టు ఆదేశంతో వివరాలు బయటికి వచ్చాక, తేదీలతో సహా లెక్క చూపింది. 2019 ఏప్రిల్ తర్వాతి ఆ లెక్కల్లో బీజేపీకి సుమారు 6,000 కోట్లు, కాంగ్రెస్‌కు 1,400 కోట్లు, బీఆర్‌ఎస్‌కు 1,200 కోట్లు వచ్చాయి. ఒకరినొకరు వేలెత్తి చూపుకునే పరిస్థితి ఎవరికీ లేదు. కొన్నవారిలో రెండో స్థానంలో, సుమారు 966 కోట్లతో నిలిచిన మేఘా ఇంజినీరింగ్ హైదరాబాదు సంస్థే. కాళేశ్వరం పంపుహౌసుల పనులు చేసినదీ అదే. రెండూ పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఇచ్చిపుచ్చుకోవడం రుజువైనట్టు కాదు. ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాలన్న అభ్యర్థనలను 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది కూడా.

కంపెనీల విరాళాలను పోగుచేసి పార్టీలకు పంచే 2013 నాటి ఎలక్టోరల్ ట్రస్టుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ట్రస్టు తనకు వచ్చినదానిలో కనీసం 95 శాతాన్ని ఆ ఆర్థిక సంవత్సరంలోనే పార్టీలకు పంచాలి. ఇచ్చినవారి పేర్లూ, పుచ్చుకున్నవారి పేర్లూ వెల్లడి కావాలి. అయితే పది కంపెనీల డబ్బు ఒకే కుండలో కలిశాక, ఎవరి రూపాయి ఎవరికి చేరిందో విడదీయడం కష్టం.

ఇక నేరుగా చెక్కు. పార్టీలు 20 వేలకు మించిన విరాళాలను దాత పేరుతో ఎన్నికల సంఘానికి తెలపాలి; కోర్టు తీర్పుతో 7.5 శాతం పరిమితి తిరిగి వచ్చింది. ఇందులోని లోపం ఆలస్యం. లెక్క ఏడాదికొకసారి ఇస్తారు కాబట్టి, ఏప్రిల్‌లో ఇచ్చిన చెక్కు సంగతి మనకు తెలిసేసరికి ఏడాదిన్నర దాటవచ్చు, అప్పటికి పని పూర్తయి బిల్లు కూడా పాసై ఉండవచ్చు.

నాలుగోది నిషేధం. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టు ఉన్న సంస్థ కేంద్ర స్థాయి ఎన్నికలకు విరాళం ఇవ్వరాదన్న చట్టం 1940 నుంచీ ఉంది. మన దగ్గర ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పని చేతిలో ఉన్న గుత్తేదారు ఎమ్మెల్యేగా ఉండటానికి అనర్హుడు, కానీ ఆ ఎమ్మెల్యే పార్టీకి అతని కంపెనీ చెక్కు రాయవచ్చు. ఈ పొంతన లేనితనం చూసి నేనూ మొదట నిషేధానికే మొగ్గాను. కానీ పనులు సబ్-కాంట్రాక్టుల మీద, బావమరుదుల పేర్ల మీద నడిచే చోట, నిషేధం పేరును మారుస్తుందే తప్ప డబ్బును ఆపదు.

కాబట్టి నా ఓటు చెక్కుకే, కాకపోతే దాన్ని టెండరు పత్రంలోకి తేవాలి. ఆన్‌లైన్‌లో ధరల బిడ్లు తెరిచి ఎల్-1ను, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవారిని, తేల్చే రోజున చేయి పెట్టడం అంత తేలిక కాదు. ఆ అవకాశం అంతకు ముందు, టర్నోవరు, గత పనుల అనుభవం వంటి అర్హత షరతులు రాసేటప్పుడు ఉంటుంది. ఆ తర్వాత, అంచనాలు సవరించేటప్పుడూ గడువు పొడిగించేటప్పుడూ ఉంటుంది. అందుకని బిడ్ వేసేవారు ధరావతుతో పాటే గత మూడేళ్లలో ఏ పార్టీకి, ఏ తేదీన, ఎంత ఇచ్చారో ప్రకటన జతపరచాలి. సబ్-కాంట్రాక్టరు, జాయింట్ వెంచరు భాగస్వామి కూడా ఇవ్వాలి. అంచనా సవరించిన ప్రతిసారీ ఆ ప్రకటనను కొత్తగా తీసుకోవాలి.