సూర్యాపేట దాటాక ఈ హోటల్లో సీసా నీళ్లు తాగాను

విజయవాడ నుంచి హైదరాబాద్‌కి కారులో వెళ్లాలంటే నేను ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించేస్తాను. పదేళ్లుగా ఇదే అలవాటు. పొద్దున్న కాఫీ కూడా రెండు గుక్కలే. దారి 270 కిలోమీటర్లు, మూడు టోల్‌గేట్లు. మామూలుగా ఐదు గంటలు పడుతుంది, చౌటుప్పల్ దగ్గరో ఎల్బీనగర్ దగ్గరో బండ్లు ఆగిపోతే ఆరు. వీల్‌చైర్‌తో లోపలికి వెళ్లగలిగే బాత్రూమ్ మధ్యలో ఒక్కటైనా దొరుకుతుందా అన్న టెన్షన్‌తోనే ప్రయాణమంతా గడిచేది. ఈ హోటల్ పులావు గురించి, టీ గురించి ఇక్కడి రివ్యూల్లో చాలామంది రాశారు. నేను బాత్రూమ్ గురించే రాస్తున్నాను. కొలతలతో సహా రాస్తున్నాను, ఎందుకంటే నాలాంటి వాళ్లకి ‘బాగుంది, నీట్‌గా ఉంది’ అన్న మాట చాలదు.

ముందు నా సంగతి చెప్పాలి. 2015లో బైక్ ప్రమాదంలో నా వెన్నుపూస విరిగింది. నడుం కింద కదలిక లేదు, స్పర్శ లేదు. మూత్రం నిండినట్టు నాకు తెలియదు. నాలుగైదు గంటలకోసారి నేనే కాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నని ట్యూబు) పెట్టుకుని తీసేసుకోవాలి. ఆలస్యమైతే బట్టలు తడవడం ఒక్కటే కాదు, మూత్రాశయంలో ఒత్తిడి పెరిగి మూత్రం వెనక్కి కిడ్నీల వైపు వెళ్తుంది. పోనీ నీళ్లు మానేద్దామంటే ఇన్ఫెక్షన్. రెండేళ్ల కిందట ఇలాగే ఎండిపోయి ప్రయాణం చేసి, ఇంటికొచ్చాక చలిజ్వరంతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ‘డైపర్ వేసుకోవచ్చు కదమ్మా’ అని చాలామంది మంచి మనసుతోనే అడుగుతారు. తడి డైపర్ మీద ఆరు గంటలు కదలకుండా కూర్చుంటే స్పర్శ లేని చర్మం ఏమవుతుందో నాకు తెలుసు. అలా పడిన పుండు మానడానికి మూడు నెలలు బోర్లా పడుకున్నాను. మూడు నెలలకోసారి హైదరాబాద్‌లో చెకప్ తప్పదు కాబట్టి ఈ రోడ్డూ తప్పదు.

ఈ దారిలో నేను ఆగని చోటు లేదు. ఒక దగ్గర తలుపు మీద వీల్‌చైర్ బొమ్మ చక్కగా ఉంది. తీస్తే లోపల ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీలు, చుట్టి పెట్టిన ఫ్లెక్సీలు. ఇంకో దగ్గర తాళం. తాళంచెవి ఉన్నతను భోజనానికి వెళ్లాడు, ముప్పావుగంటకి వచ్చాడు. మరో చోట పట్టుకోవడానికని గోడకి తువ్వాలు ఆరేసుకునే రాడ్డు బిగించారు. దాని మీద బరువు వేయగానే స్క్రూలతో సహా ఊడి చేతికొచ్చింది. నేను కమోడ్‌కీ కుర్చీకీ మధ్య నేల మీద పడ్డాను. కాలు విరిగినా నాకు నొప్పి తెలియదు కాబట్టి, ఎక్స్‌రే తీయించేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చాలాచోట్ల ఈ బాత్రూమ్‌ని ఆడవాళ్ల వైపు లోపల ఎక్కడో పెడతారు. కుర్చీలోంచి కమోడ్ మీదకి మారడానికి నాకు మా ఆయన సాయం కావాలి. ఆయన లోపలికి వస్తే అక్కడున్న ఆడవాళ్లు కేకలేస్తారు. వాళ్లని నేను తప్పుపట్టను. కట్టినవాళ్లు ఆ సంగతి ఆలోచించాల్సింది.

మొన్న ఫిబ్రవరిలో సూర్యాపేట దాటాక ఈ హోటల్ దగ్గర ఆపాం. ఎప్పటిలాగే మా ఆయన డ్యాష్‌బోర్డులోంచి టేపు తీసుకుని ముందు ఒక్కరే వెళ్లారు. నా కుర్చీ చక్రాల రింగులతో కలిపి ఇరవై ఐదు అంగుళాలు. మామూలు బాత్రూమ్ తలుపులు ఇరవై నాలుగు, మహా అయితే ఇరవై ఎనిమిది ఉంటాయి. ఆయన వెనక్కి వచ్చి కారు తలుపు తీసి, “ముప్పై ఆరు” అన్నారు. ఇంకేమీ అనలేదు, డిక్కీలోంచి కుర్చీ దించడం మొదలుపెట్టారు.

క్యాష్ కౌంటర్ పక్కనుంచి వెనక్కి వెళ్లే దారిలో, ఆడవాళ్ల వైపూ కాకుండా మగవాళ్ల వైపూ కాకుండా దీనికి విడిగా తలుపు ఉంది. నాకు మొదట నచ్చింది అదే. మేమిద్దరం కలిసి వెళ్తే ఎవరూ తిరిగి చూడలేదు. తలుపు బయటికి తెరుచుకుంటుంది. లోపలికి తెరుచుకునే తలుపైతే కుర్చీ లోపలికి వెళ్లాక మూయడానికి చోటుండదు, లోపల మనిషి పడిపోతే తీయడమూ కష్టం. గది ఏడడుగుల మీద రెండంగుళాల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో 2200 మిల్లీమీటర్లు, 2000 మిల్లీమీటర్లు అని ఉంటుంది, దాదాపు ఆ లెక్కే. కుర్చీని లోపల గుండ్రంగా తిప్పగలిగాను. కమోడ్ పక్కన కుర్చీ ఆనించుకునేంత ఖాళీ వదిలారు. సీటు ఎత్తు పద్దెనిమిదిన్నర అంగుళాలు. నా కుర్చీ దిండుతో కలిపి ఇరవై. ఆ అంగుళంన్నర తేడా దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడు కొంచెం బలం పెట్టాలి. గోడ వైపు ఎల్ ఆకారంలో స్టీలు కడ్డీ ఉంది, ఇవతలి వైపు పైకి మడిచేసుకునే కడ్డీ. నేను మారకముందే మా ఆయన రెండింటినీ తన బరువంతా వేసి లాగి చూశారు. గోడ కదల్లేదు.

కాథెటర్ వాడేవాళ్ల కోసం ఇంకొంచెం చెప్తాను. ఈ పనికి వెలుతురు కావాలి, చేతులు కడుక్కోవాలి, సామాను పెట్టుకోవడానికి శుభ్రమైన చోటు కావాలి. ఇక్కడ ట్యూబ్‌లైట్ కమోడ్‌కి ఎదురుగా ఉంది. చేతికందే ఎత్తులో గ్రానైట్ అరుగు ఉంది, నా కిట్ మొత్తం దాని మీద పరుచుకున్నాను. బేసిన్ కింద ఖాళీగా వదిలారు కాబట్టి మోకాళ్లు లోపలికి వెళ్తాయి. కుళాయి పొడవాటి పిడి ఉన్నది, మోచేత్తో నెట్టినా తిరుగుతుంది. మూత ఉన్న చెత్తబుట్ట కమోడ్ పక్కనే ఉంది. వాడేసిన ట్యూబు చేతిలో పట్టుకుని ఎక్కడ పడేయాలా అని వెతుక్కునే పని లేదు. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరూ తలుపు కొట్టలేదు.

అన్నిటికంటే ఆశ్చర్యం నేల. పొడిగా ఉంది. మన దగ్గర బాత్రూమ్ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, అది శుభ్రతకి గుర్తు అనుకుంటాం. కుర్చీ చక్రం తడిసిందంటే రింగు తడుస్తుంది, రింగు పట్టుకున్న నా చేతులు తడుస్తాయి, ఆ నీళ్లు ఎలాంటివో అందరికీ తెలుసు. ఇక్కడ శుభ్రం చేసే పెద్దావిడ గుడ్డ పట్టుకుని బయటే నిలబడి ఉంది. నేల ఇంత పొడిగా ఎలా ఉంచుతున్నారమ్మా అని అడిగాను.

“మొన్న వానకాలం ఓ పిలగాడు సంక కర్రలతోని వచ్చి జారి పడ్డడు బిడ్డా. దవడ పగిలింది. అప్పటిసంది నేను నీళ్లు నిల్వనియ్య” అంది. ఎవరు కడుక్కుని వెళ్లినా వెనకే వెళ్లి తుడుస్తుందట. ఆమెకి ఎవరూ చెప్పలేదు. కొలతలు ఇంజినీరు పెట్టాడు సరే, ఈ గదిని మనుషులు వాడుకునేలా నిలబెట్టింది మాత్రం ఆమే. యజమాని ఈ రివ్యూ చదివితే ఆమె జీతం గురించి ఒకసారి ఆలోచించాలని అడుగుతున్నాను.

బయటికి వచ్చి టేబుల్ దగ్గర కూర్చుని లీటరు సీసా తెప్పించుకున్నాను. ఎండ బాగా ఉంది. గ్లాసులో పోసుకుని ఒకటి, రెండు, మూడు తాగాను. ఈ రోడ్డు మీద నేను నీళ్లు తాగడం మా ఆయన చూడటం అదే మొదటిసారి. సీసాలో మిగిలినవి కూడా ఆయనే పోశారు.

తిండి మాట కూడా చెప్పాలి కాబట్టి, ఇడ్లీ మెత్తగా ఉంది, కారప్పొడి బాగుంది, టీలో పంచదార ఎక్కువ. టేబుళ్లకి నేలలో పాతిన బెంచీలు కాకుండా విడి కుర్చీలు ఉన్నాయి. ఒకటి పక్కకి జరిపితే నా చోటు నాకొచ్చింది.

ఇక నాలుగు స్టార్లే ఎందుకిచ్చానంటే, ర్యాంపు. గుమ్మం నేలకి అడుగు ఎత్తులో ఉంది. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల ర్యాంపు ఉండాలి. వీళ్లు ఎనిమిది అడుగులతో సరిపెట్టారు, పైగా నున్నటి గ్రానైట్ పరిచారు. నా చేతులకి బలం ఉంది, అయినా ఒక్కదాన్నే ఎక్కలేకపోయాను. దిగేటప్పుడు మా ఆయన కుర్చీని వెనక్కి తిప్పి దించారు. వాన పడితే ఇంకా ప్రమాదం. ర్యాంపు మొదట్లో ఎవరిదో బైక్ అడ్డంగా పెట్టి ఉంది, వాచ్‌మన్ వచ్చి తీయించాడు. బాత్రూమ్ లోపల పడిపోతే లాగడానికి అలారం తాడు లేదు.

మేనేజర్‌కి ఇవన్నీ చెప్పాను. అతను విసుక్కోలేదు, కాగితం తీసి రాసుకున్నాడు. “ఇట్లాంటి బాత్రూమ్ గవర్నమెంట్ ఆఫీసులకే కదా మేడమ్ రూలు, మా ఓనరుగారు ఇష్టంతోనే కట్టించారు” అన్నాడు. ఓనరుగారి ఇష్టం గొప్పదే, కాదనను. కానీ దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. జనానికి సేవలందించే ప్రైవేటు వాళ్లకీ అది వర్తిస్తుంది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు కూడా, ఈ సౌకర్యాల ప్రమాణాలు వీలైతే పాటించే సలహాల్లా ఉండకూడదని, తప్పనిసరి నిబంధనలుగా మార్చాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఇది అతనికి చెప్పాను. నాకు ఎవరి దయా అక్కర్లేదు. ఇడ్లీకి అందరిలాగే డబ్బు కడతాను, అందరిలాగే బాత్రూమ్‌కి వెళ్లి రావాలి. మేనేజర్ కాసేపు ఆగి, “మా వేరే బ్రాంచికి కూడా చెప్తాను మేడమ్” అన్నాడు.

మే నెలలో మళ్లీ వెళ్లాం. ర్యాంపు అలాగే ఉంది, కానీ దాని మీద అడ్డంగా గరుకు పట్టీలు అంటించారు. కింద రెండు స్తంభాలు పాతి బైకులు పెట్టకుండా చేశారు. స్తంభాల మధ్య ముప్పై నాలుగు అంగుళాలు వదిలారు, కుర్చీ పడుతుంది. అలారం తాడు ఇంకా లేదు. అందుకే ఇప్పటికీ నాలుగు స్టార్లే.

వెళ్లేవాళ్లకి కొన్ని సంగతులు. విజయవాడ నుంచి వస్తుంటే హోటల్ ఎడమ వైపే పడుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ముందుకెళ్లి యూటర్న్ తీసుకోవాలి. కుర్చీ దించుకోవడానికి వాచ్‌మన్ గది పక్కన నీడలో చోటు ఉంది, అక్కడ నేల చదునుగా ఉంటుంది. తాళంచెవి ఎవరినీ అడగక్కర్లేదు, తలుపు తీసే ఉంటుంది. కుర్చీ వెడల్పు ముప్పై రెండు అంగుళాలు దాటితే కింద స్తంభాల దగ్గర జాగ్రత్త. మోటారు కుర్చీ తెచ్చేవాళ్లు ర్యాంపు ఎక్కేటప్పుడు వెనక ఒక మనిషిని ఉంచుకోండి. పెద్దావిడ పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే ఉంటుంది. రాత్రిపూట ఆగితే లోపలికి వెళ్లే ముందు నేల తుడవమని కౌంటర్లో అడగండి, పంపిస్తారు.