ఆరేళ్లు ఫోల్డింగ్ సైకిల్‌తో: తొక్కిన దానికంటే మోసిందే గుర్తు

కారు లేనివాళ్లకి మెట్రోలో ఇబ్బందేమీ ఉండదు. ఇబ్బందంతా ఎక్కకముందు, దిగిన తర్వాత. నాకు ఇంటి నుంచి స్టేషన్‌కి రెండు కిలోమీటర్లు, అటు దిగాక ఆఫీసుకి ఇంకో మూడు. నడిస్తే గంట. ఆ గంట కోసమే ఆరేళ్ల కిందట 20 అంగుళాల చక్రాల ఫోల్డింగ్ సైకిల్ కొన్నాను. ఏ కంపెనీదన్నది పక్కన పెడదాం. ఇక్కడ చెప్పేవి ఈ రకం సైకిళ్లలో చాలావాటికి వర్తిస్తాయి.

కొనేటప్పుడు నేను చూసింది గేర్లు. చూడాల్సింది బరువు. కాగితం మీద 12 కిలోలు. మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్, లైట్లు బిగించాక తూకం వేస్తే 14 దాటింది. షాపులో ఒకసారి ఎత్తి చూసి "ఓస్, ఇంతేనా" అనుకున్నాను. ఎస్కలేటర్ ఆగిపోయిన రోజున మెట్లెక్కితే తెలిసొచ్చింది. పైగా మడిచిన సైకిల్‌ని ఎక్కడ పట్టుకోవాలో అర్థం కాదు. సీటు పట్టుకుంటే పెడల్ పిక్కకి గుచ్చుకుంటుంది, ఫ్రేము పట్టుకుంటే చైను మసి ప్యాంటుకి అంటుతుంది. రెండేళ్లు ప్యాంట్లు పాడుచేసుకున్నాక కనిపెట్టాను: మడిచాక సీటు గొట్టాన్ని మళ్లీ పైకి లాగితే, దాన్ని పట్టుకుని చక్రాల మీదే దొర్లించుకుపోవచ్చు. మాన్యువల్‌లో రాసే ఉంటుంది. మాన్యువల్ ఎవరు చదువుతారు!

మడవడానికి మొదటి వారం రెండు నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఇరవై సెకన్లు. చక్రాలు రెండూ దగ్గరికి రాగానే మాగ్నెట్లు టక్కున అతుక్కోవాలి. నా దానికి ఒక మాగ్నెట్ మూడో ఏట ఎక్కడో ఊడిపోయింది. అప్పట్నుంచీ రబ్బరు పట్టీతోనే కాలక్షేపం.

చిన్న చక్రాలు కదా, కాళ్లు గిరగిరా తిప్పాలా అని చూసినవాళ్లంతా అడుగుతారు. అక్కర్లేదు. ముందున్న పళ్లచక్రం పెద్దది. నా దానికి 52 పళ్లు. వెనక 13 పళ్ల గేరులో ఉంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగేసరికి చక్రం నాలుగు చుట్లు తిరిగి, ఆరు మీటర్లు పోతుంది. తేడా తెలిసేది గుంతల్లో. పెద్ద చక్రం దాటేసే గుంతలో ఇది దిగి లేస్తుంది. హ్యాండిల్ కూడా కాస్త కంగారు మనిషి, ఒక చెయ్యి వదిలి సిగ్నల్ ఇవ్వడం అలవాటవడానికి నాకు నెల పట్టింది.

చిన్న చక్రం కిలోమీటరుకి దాదాపు 650 సార్లు తిరుగుతుంది, రోడ్డు సైకిల్ చక్రమైతే 470 చాలు. అందుకే టైరు తొందరగా అరుగుతుంది. మొదటిసారి మార్చేటప్పుడు "20 అంగుళాలు" అని చూసి టైరు తెచ్చేశాను. రిమ్ముకి తొడిగితే తమ్ముడికి అన్న చొక్కా వేసినట్టు వేలాడింది. పాత టైరు పక్కన చిన్న అచ్చులో 40-406 అని ఉంది, కొత్తదాని మీద 28-451. రెండూ 20 అంగుళాలే! మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండో అంకె కలవకపోతే ఆ టైరు మీది కాదు. 16 అంగుళాల్లోనూ ఇదే గోల: బ్రాంప్టన్ కంపెనీ ఫోల్డింగ్ సైకిల్‌కి 349, పిల్లల సైకిళ్లకి మామూలుగా 305.

భయపెట్టింది మాత్రం కీలు. రెండో ఏట ఎత్తు ఎక్కుతుంటే హ్యాండిల్ కింద కిర్రు కిర్రుమని చప్పుడు మొదలైంది. బేరింగ్ అనుకుని వారం పట్టించుకోలేదు. తీరా చూస్తే మడత దగ్గర బిగించి పట్టే క్లాంపు వదులైంది. దాని లివర్ మూసేటప్పుడు సగం నుంచే చేతికి గట్టిగా తగలాలి. తేలిగ్గా పడిపోయిందంటే నట్టు కాస్త బిగించాల్సిందే. ఇప్పుడు నెలకోసారి అది చూస్తాను. సేఫ్టీ గొళ్లెం పడిందో లేదో మాత్రం ఎక్కే ముందు ప్రతిసారీ చూస్తాను.

ఇన్ని తిట్టినా అమ్మే ఆలోచన లేదు. ఆరేళ్లలో ఒక్క తాళం కొనలేదు, సైకిల్ నా టేబుల్ కిందే ఉంటుంది. వాన పడితే మడిచి క్యాబ్ డిక్కీలో వేసుకుంటాను. రద్దీ వేళల్లో మామూలు సైకిల్‌ని రానివ్వని మెట్రోలు చాలానే ఉన్నాయి. మడిచినదైతే ఎక్కువ చోట్ల లగేజీ కిందే లెక్క. తమాషా ఏమిటంటే, ఉత్తగా తీసుకెళ్తే అందరూ గుర్రుగా చూస్తారు. అదే సైకిల్‌ని పల్చటి గుడ్డ సంచిలో వేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. లిఫ్ట్ లేని నాలుగో అంతస్తులో ఉండేవాళ్లకి మాత్రం నేను చెప్పను.

ప్రస్తుతం మూడో చైను, నాలుగో వెనక టైరు నడుస్తున్నాయి. ఎడమ పెడల్ మడత వదులై తొక్కినప్పుడల్లా టిక్కుమంటోంది. కొత్త పెడల్ తెచ్చి పెట్టుకున్నాను. ఎడమవైపు మర ఎదురు తిరుగుతుందని మరిచిపోయి, మొన్న ఆదివారం పాతదాన్ని విప్పుతున్నాననుకుంటూ బలమంతా పెట్టి ఇంకా బిగించాను. ఇప్పుడది ఊడి రావట్లేదు.