పేరు లూస్, కొలిచేది టైటు: పాత పడవ మీద లూస్ పీటీ-2 గేజ్ రివ్యూ

డబ్బా విప్పిన రోజు రాసే రివ్యూ కాదిది, రెండు సీజన్లు వాడాక రాస్తున్నా. నా తెరచాప పడవ 1979లో తయారైంది, 27 అడుగులు, మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) డెక్ మీదే నిలబడే రకం. మాస్ట్‌ని పడిపోకుండా పట్టుకునే స్టీల్ తీగలుంటాయి కదా, పక్కలకి ష్రౌడ్లు, ముందు ఫోర్‌స్టే, వెనక బ్యాక్‌స్టే, వాటిలో బిగువు ఎంతుందో చెప్పే పనిముట్టు ఈ గేజ్. పేరేమో లూసు, కొలిచేదేమో టైటు, మా తమ్ముడైతే దాన్ని బయటికి తీసిన ప్రతిసారీ ఈ జోకే వేస్తాడు.

ఇన్నేళ్లూ నేను చేత్తో లాగి చూసే బ్యాచే. తీగని ఒకసారి మీటి, టింగుమంటే బానే ఉందిలే అనుకుని వదిలేసేవాణ్ణి. కానీ గాలి కాస్త గట్టిగా వీచి పడవ 15, 20 డిగ్రీలు ఒరిగితే గాలి తగలని వైపు ష్రౌడు బట్టలారేసే తాడులా ఊగేది, ఒక వైపుకి నడిపితే బాగానే పోయేది రెండో వైపు మాత్రం ఏదో తేడా కొట్టేది, తప్పు తెరచాపదే అనుకుని దాన్ని తిట్టుకుంటూ ఉండేవాణ్ణి. గేజ్ పెట్టి చూస్తే, తీగ తెగే బలంలో ఎడమది 8 శాతం, కుడిది 16. చేతికి మాత్రం రెండూ ఒకేలా తగిలాయి మరి!

ఇది పనిచేసే తీరు సింపుల్. తీగని రెండు చోట్ల ఆనించి మధ్యలో స్ప్రింగున్న కొక్కెంతో లాగుతుంది, తీగ ఎంత వంగిందో దాన్నిబట్టి ఒక నంబరు చూపిస్తుంది, ఆ నంబరుని పట్టికలో చూసుకుంటే బిగువు తెలుస్తుంది. పీటీ మోడల్‌లో నాకు నచ్చిందేంటంటే ఒకసారి తగిలిస్తే తీగ మీద అలాగే ఉంటుంది, కాబట్టి రెండు చేతులతో టర్న్‌బకిల్ (తీగని బిగించే మర) తిప్పుకుంటూ నంబరు మారడం చూసుకోవచ్చు. ఒంటరిగా పని చేసేవాళ్లకి ఇదొక్కటే చాలు కొనడానికి.

కాకపోతే అన్ని తీగలకీ పనికిరాదు. పీటీ-2 అనేది 3/16, 7/32, 1/4 అంగుళం తీగలకి. ముందు వెర్నియర్‌తో మీ తీగ మందం కొలుచుకోండి. మొదటి రోజు నేను 3/16 తీగకి 7/32 గడిలో చదివి గంటసేపు తల పట్టుకున్నా, తప్పు నూటికి నూరు శాతం నాదే. 3/16 అంగుళం 1×19 తీగ (19 పోగులు కలిపి పేనింది) దాదాపు 2 టన్నుల దగ్గర తెగుతుంది, పక్క ష్రౌడ్లకి అందులో 15 శాతం అంటే 300 కిలోల బిగువు, దాంతో మొదలుపెడితే సరిపోతుంది.

గేజ్ లేకుండా కూడా కొలవొచ్చు, ఆ మాట దాచను. తీగ వదులుగా ఉన్నప్పుడు దాని మీద కొలిచే టేపుతో 2 మీటర్ల దూరం గుర్తు పెట్టి బిగిస్తూ పోతే, 1×19 తీగ ప్రతి 1 మిల్లీమీటరు సాగినప్పుడల్లా 5 శాతం బిగువు ఎక్కినట్టు, 3 మిల్లీమీటర్లు అంటే 15. పైసా ఖర్చు లేదు, నేను రెండూ పక్కపక్కనే చేసి చూశా, ఇంచుమించు ఒకటే చెప్పాయి. కానీ తిరకాసు ఏంటంటే టేపు పద్ధతికి ముందు తీగని పూర్తిగా వదులు చేయాలి, ఇప్పుడు ఎంతుందో అది చెప్పదు. పాత పడవలో మనక్కావాల్సిందేమో సరిగ్గా అదే, పోయినేడాది పెట్టిన బిగువు ఈ ఏడాది ఉందా జారిందా అని.

ఇక అసలు గొడవ గేజ్‌ది కాదు, టర్న్‌బకిళ్లది. నావి స్టీల్ మీద స్టీల్ మర, పైగా ఏళ్లతరబడి ఎవరూ ముట్టుకోలేదు. స్టెయిన్‌లెస్ మర పొడిగా, లోడు మీద తిప్పితే ఒకదాన్నొకటి కొరుక్కుని అతుక్కుపోతుంది, ఇక కోసి పారేయడమే. ఒకటి అలాగే పోయింది నాకు, సగం తిరిగి కిర్రుమని ఆగిపోయింది, ఆ శబ్దం వినగానే ఆపేయాల్సింది కానీ నేను స్పానర్‌కి పైపు తగిలించా! మిగతావాటికి బుద్ధిగా మర బ్రష్‌తో తోమి, లానోలిన్ గ్రీజు పూసి, పైన తీగ మెలిపడకుండా ఒక స్పానర్‌తో పట్టుకుని, ఎడమ పక్కది సగం చుట్టు, కుడి పక్కది సగం చుట్టు తిప్పా. ఒక పక్కే బిగించుకుంటూ పోతే మాస్ట్ వంగుతుంది.

అయ్యాక కాటర్ పిన్ను పెట్టడం మర్చిపోవద్దు, లేదంటే కొన్నాళ్లకి టర్న్‌బకిల్ తనంతట తానే విప్పుకుంటుంది. పిన్ను కొసల్ని కొంచెం విడదీస్తే చాలు, పూర్తిగా చుట్టేస్తే మళ్లీ తీసేటప్పుడు మీకే నరకం. దాని మీద టేపు గట్టిగా చుట్టేవాళ్లని కూడా చూశా, లోపల తడి నిలిచి స్టీల్ గుట్టుగా తినేసుకుపోతుంది, చుడితే వదులుగా చుట్టండి.

గేజ్ చెప్పలేనిది ఒకటుంది, ఆ తీగ ఇంకా ఎన్నాళ్లు ఆగుతుందో. నా కుడి ష్రౌడు 16 శాతం దర్జాగా చూపించింది, కానీ కింద ఫిట్టింగ్‌లోకి తీగ దూరే చోట దూది రాసి చూస్తే పీచు తగులుకుంది, దగ్గరికెళ్లి చూస్తే 19లో ఒక పోగు తెగి బయటికి పొడుచుకొచ్చింది. వేలితో రాసుంటే రక్తమే. ఆ తీగలు ఎప్పుడు వేశారో పాత ఓనరుకే గుర్తులేదు. ఒకటి మార్చి మిగతావి ఉంచడానికి మనసొప్పక అన్నీ మార్చేశా, డెక్‌లోంచి కిందికి దిగే చెయిన్‌ప్లేట్లు (ష్రౌడ్లని పడవకి పట్టి ఉంచే లోహపు పట్టీలు) కూడా బయటికి లాగి చూశా. అవి పైకి తళతళలాడుతూ డెక్ మందంలో దాక్కున్న భాగంలో తుప్పుతో గుంటలు పడి ఉంటాయి.

ఇంకో చిన్న విషయం, పాత పడవని గేజ్ ఉంది కదా అని ఒకేసారి 20 శాతానికి లాగేయకండి. నాది 18 దాటగానే కింద క్యాబిన్ తలుపు మూసుకోవడం మానేసింది, మాస్ట్ కింద డెక్ కుంగుతోందన్నమాట. 15కి తగ్గిస్తే తలుపు మామూలుగా పడింది. ఇప్పుడు టర్న్‌బకిల్ తిప్పేటప్పుడు మా తమ్ముణ్ణి కింద కూర్చోబెట్టి మధ్యమధ్యలో ఆ తలుపు వేసి తీయమంటున్నా.

5కి 4 ఇస్తా. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానంటే నా ఫోర్‌స్టే చుట్టూ తెరచాప చుట్టుకునే ఫర్లర్ గొట్టం ఉంది, లోపలి తీగకి గేజ్ అసలు అందదు, బ్యాక్‌స్టే కొలిచి అంచనా వేసుకోవడమే. వాడాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి దాచుకోండి.